తోలుకు శ్రుతి ఎక్కడిది?

రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందని సామెత. రోలుకు ఒకవైపే దెబ్బలు, మద్దెలకు రెండువైపులా. తనకంటే ఎక్కువ దెబ్బలు తినేదాని దగ్గరికి పోయి రోలు ఏడ్చిందని నవ్వుకుంటాం. వాద్యాల సంగతి ఆలోచించేవాళ్లకు మాత్రం ఈ సామెతలో ఇంకో ప్రశ్న దొరుకుతుంది. రోట్లో రోకలి పడితే చప్పుడు వస్తుంది. మద్దెల మీద చెయ్యి పడితే స్వరం వస్తుంది, అదీ గాయకుడి షడ్జమంలో కలిసిపోయేంత తేటగా. రెండూ తినేది దెబ్బే కదా, మరి ఈ తేడా ఎక్కడ పుట్టింది?

మద్దెలకు తోలు బిగించారు కాబట్టి అంటే సరిపోదు. ఉత్త తోలును ఎంత బిగించినా దానికి సరైన శ్రుతి రాదు.

వీణ తీగను మీటితే అది ఒక్క కంపనంతో ఊరుకోదు. తీగ మొత్తంగా ఊగుతుంది, అదే సమయంలో సగాలుగానూ, మూడో వంతులుగానూ, నాలుగో వంతులుగానూ ఊగుతుంది. మొత్తం తీగ సెకనుకు 100 సార్లు కంపిస్తే మిగతావి 200, 300, 400 సార్లు. అన్నీ 100కి గుణిజాలే. అందుకే చెవి వాటిని విడదీయకుండా ఒకే స్వరంగా కలిపి వింటుంది. గుండ్రటి తోలు లెక్క వేరు. అది గీతలా కాకుండా పళ్లెంలా, అన్ని వైపులకూ ఊగుతుంది. దాని మొదటి కంపనం 100 అయితే తర్వాతివి దాదాపు 159, 214, 230, 265, 292. వీటికి ఉమ్మడి కొలత ఏదీ లేదు. ఏ స్వరాన్ని పట్టుకోవాలో చెవికి అంతుచిక్కదు, వినపడేది "ధబ్" మాత్రమే.

ఇది తయారీలో వచ్చిన లోపం కాదు. బిగించిన గుండ్రటి పొర స్వభావమే అంత. మేక తోలైనా, ఆవు తోలైనా, ఆఫ్రికాలో బిగించినా, ఆంధ్రాలో బిగించినా అంకెల వరస ఇదే. అంటే ప్రపంచంలో డోళ్లు కట్టినవాళ్లందరికీ మొదట ఎదురైన చిక్కు ఒక్కటే. దాన్నుంచి బయటపడటానికి వాళ్లు పట్టిన దారులు మాత్రం వేరువేరు. కొందరు తోలు స్వభావాన్నే మార్చారు. కొందరు దాన్ని అలాగే ఉంచి దానిచేత మాట్లాడించారు. ఇంకొందరు తోలునే వదిలేయాల్సి వచ్చింది. ఈ దారుల్ని దగ్గరగా చూస్తే, శ్రుతి ఉన్నది శాస్త్రీయం, లేనిది మోటు అని మనం అలవాటుగా వేసే తూకం ఎంత తప్పో తెలుస్తుంది.

నల్ల పూత చేసే పని

మృదంగం కుడివైపు మధ్యలో నల్లగా, గుండ్రంగా కనిపించే పూతను కరణి అంటారు. తబలావాళ్లు స్యాహీ అంటారు. దూరం నుంచి చూస్తే అలంకారం కోసం దిద్దిన బొట్టులా ఉంటుంది. దగ్గరగా చూస్తే దాని నిండా సన్నని నెర్రెలు, వేసవిలో ఎండిన చెరువు అడుగులా. ఆ నెర్రెలు పాతబడి వచ్చినవి కావు, కావాలని తెప్పించినవి. చిట్టెపు రాయిని మెత్తగా పొడి కొట్టి, ఉడికిన అన్నంతో కలిపి నూరి, ఆ ముద్దను కొంచెం కొంచెంగా తోలు మీద పెట్టి నున్నటి రాయితో రుద్దుతారు. ఆరాక మరో పూత, మళ్లీ రుద్దడం. మధ్యలో మందంగా, అంచుకు వచ్చేసరికి పల్చగా అయ్యేలా పొర మీద పొర వేస్తూ పోతారు. పూత అంతా ఒకే పలకలా గట్టిపడితే తోలు ఊగలేదు. రుద్దుడుకు అది చిన్న చిన్న పలుకులుగా విడిపోయి తోలుకు అంటుకుని ఉంటుంది కాబట్టి బరువుకు బరువూ ఉంటుంది, తోలు ఊగడమూ ఆగదు.

ఆ బరువు ఏం చేస్తుంది? తోలు మొత్తంగా పైకీ కిందికీ ఊగేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ కదిలేది నడిమి భాగం. అక్కడ బరువు పెడితే ఆ మొదటి కంపనం బాగా నెమ్మదిస్తుంది. తోలు రెండు సగాలుగా విడిపోయి ఒక సగం పైకి, ఒక సగం కిందికి ఊగేటప్పుడు నడిమి గీత దాదాపు కదలదు కాబట్టి ఆ కంపనం మీద బరువు ప్రభావం తక్కువ. కింది స్వరం ఎక్కువ దిగి, పైది తక్కువ దిగితే రెండిటి మధ్య దూరం పెరుగుతుంది. 100కి 159గా ఉన్న నిష్పత్తి 100కి 200 దగ్గరికి వస్తుంది. పూత మందం, వెడల్పు సరిగ్గా కుదిరితే మిగతా కంపనాలు కూడా 300, 400, 500ల దగ్గరికి వచ్చి సర్దుకుంటాయి. తోలు తీగలా పలకడం మొదలుపెడుతుంది.

ఈ సంగతిని ప్రయోగం చేసి లోకానికి చెప్పినవాడు సి.వి. రామన్. చిన్నతనం విశాఖపట్నంలో గడిచింది, తండ్రి అక్కడి ఏవీఎన్ కళాశాలలో అధ్యాపకుడు. కలకత్తాలో పనిచేస్తున్న రోజుల్లో, 1920లో, శివకాళి కుమార్‌తో కలిసి నేచర్ పత్రికలో దీని మీద చిన్న పత్రం రాశాడు. 1934లో మరింత వివరంగా మరో పత్రం ప్రకటించాడు. పద్ధతి చూస్తే ఆశ్చర్యమేస్తుంది, అంత తేలిక. తోలు మీద సన్నని ఇసుక చల్లి దెబ్బ వేస్తే, కదిలే చోటి నుంచి ఇసుక ఎగిరిపోయి, కదలని గీతల మీద పోగవుతుంది. ఏ దెబ్బకు తోలు ఎన్ని ముక్కలుగా ఊగుతోందో కంటికే కనిపిస్తుంది. అలా చూసి రామన్ తేల్చినది ఏమిటంటే, ఉత్త తోలులో తొమ్మిది వేరువేరు స్వరాలుగా చెల్లాచెదురుగా ఉండే కంపనాలు కరణి పెట్టిన తోలులో ఐదు స్వరాలుగా కుదురుకుంటాయి. మొదటిది ఒంటరి, రెండోదీ ఒంటరి, మూడో స్వరంలో రెండు కలుస్తాయి, నాలుగో దాంట్లో రెండు, ఐదో దాంట్లో మూడు. ఇంత పొందిక గల తోలు వాద్యం యూరప్ సంగీతంలో ఆయనకు కనిపించలేదు.

తోలు అలా కుదిరాక మిగతా పని వేళ్లది. మృదంగంలో "నమ్" పలికించాలంటే ఉంగరపు వేలును కరణి అంచున ఊరికే ఆనించి, చూపుడు వేలితో అంచు మీద కొడతారు. ఆనించిన వేలు తోలును నొక్కదు. మొత్తంగా ఊగడాన్ని మాత్రం ఆపేస్తుంది. కింది స్వరం అణిగి పై స్వరం తేటగా బయటికొస్తుంది. వైణికుడు తీగను నొక్కకుండా తాకి పై స్వరం రప్పించడంలాంటిదే ఇది. నేర్చుకునే పిల్లలకు మొదటి నెలల్లో చిక్కంతా ఈ ఒక్క వేలితోనే. కాస్త బరువుగా పడిందా, స్వరం చచ్చిపోతుంది. అసలు ఆనకపోతే మొద్దు శబ్దం వస్తుంది.

ఎడమవైపు కథ మరోటి. అక్కడ శాశ్వతమైన పూత ఉండదు. కచేరీకి ముందు బొంబాయి రవ్వను నీళ్లతో ముద్ద చేసి నడుమ అంటిస్తారు. తడి రవ్వ బరువుకు తోలు లోతుగా, "తొమ్" అని గుమ్మటంలా పలుకుతుంది. కచేరీ అయిపోయాక ఆ ముద్దను గీకి తీసేస్తారు. ఉప్మా చేసుకునే రవ్వే వేదిక మీద వాద్యంలో భాగమవడం చూస్తే, శ్రుతి అనేది ఎంత చేతిపనో అర్థమవుతుంది. ఈ ఆలోచన చాలా పాతది. నాట్యశాస్త్రంలో పుష్కర వాద్యాల, అంటే తోలు బిగించిన వాద్యాల, అధ్యాయం ఉంది. కొలనులో తామరాకుల మీద వాన చినుకులు పడుతుంటే, పెద్ద ఆకు మీద ఒకలా, చిన్న ఆకు మీద ఒకలా వచ్చిన చప్పుళ్లు విని స్వాతి ముని ఆ వాద్యాలను ఊహించాడని అక్కడ కథ. తోలుకు నది ఒడ్డు మట్టి పూసి స్వరం సరిచేసే పద్ధతి కూడా అందులోనే ఉంది.

రామన్ తేల్చిన సూత్రానికి ముందు, ఎన్నో తరాల పాటు, ఆ సూత్రాన్ని వేళ్లతో పాటించినవాళ్లు ఉన్నారు. పచ్చి తోలు ఎంచుకుని, వెంట్రుకలు తీసి, ఎండబెట్టి, వార్లు కోసి, కరణి రుద్దినవాళ్లు. దక్షిణాదిన ఈ పని చేసినవాళ్లలో ఎక్కువమంది దళిత కుటుంబాలవాళ్లు. వేదిక మీద పేరు వినిపించేది వాయించేవారిది. మృదంగ విద్వాంసుడు పాలఘాట్ మణి అయ్యర్‌కు 1971లో పద్మభూషణ్ వచ్చింది, అందుకు ఆయన పూర్తిగా అర్హుడు. ఆయన మృదంగాలు కట్టిన తంజావూరు పర్లాంద్ పేరు మాత్రం సంగీతం బాగా తెలిసినవాళ్లలోనూ కొద్దిమందే విన్నారు. అరమిల్లీమీటరు పూత ఎక్కువైతే స్వరం ఎటు పోతుందో చెవితో పసిగట్టగలిగిన మనిషిని పనివాడు అని మాత్రమే పిలవడం అన్యాయం.

పూత పెట్టే తెలివి మన దగ్గరే ఆగిపోలేదు. బర్మాలో పాట్ వైంగ్ అనే వాద్యం ఉంది. బంగారు పూత పూసిన గుండ్రటి కొయ్య చట్రానికి చిన్నవీ పెద్దవీ 21 డోళ్లు వేలాడదీసి, వాయించేవాడు మధ్యలో కూర్చుంటాడు. ప్రతి డోలుకూ అన్నం, కట్టెల బూడిద కలిపిన ముద్ద అంటించి ఉంటుంది. కాస్త ముద్ద కలిపితే స్వరం దిగుతుంది, కాస్త తీస్తే ఎక్కుతుంది. అలా శ్రుతి చేసుకుని డోళ్ల మీద పాటే వాయించేస్తాడు. యూరప్ వాద్యబృందాల్లో వాడే టింపనీ అనే డోలులో పూత ఉండదు, అక్కడ పని చేసేది గాలి. మన నగారాకూ దానికీ మూలం అరబ్బుల నక్కారాయే. రాగి గంగాళంలాంటి బానకు తోలు బిగించి, నడిమధ్యన కాకుండా అంచుకు దగ్గరగా కొడతారు. తోలుతో పాటు కదిలే గాలి బరువుకు ముఖ్యమైన కంపనాలు దాదాపు 2, 3, 4 నిష్పత్తిలోకి వస్తాయి.

మాట్లాడే డోలు

ఇక్కడిదాకా చూసిన దారి ఒక్కటే, తోలును శ్రుతిలోకి తేవడం. పశ్చిమ ఆఫ్రికాలో యోరుబా ప్రజలు పట్టిన దారి పూర్తిగా వేరు. నైజీరియా నైరుతి ప్రాంతంలోనూ, పక్కనున్న బెనిన్‌లోనూ ఉండే వీళ్ల భాషలో ప్రతి అక్షరాన్నీ మూడు ఎత్తుల్లో ఏదో ఒకదానిలో పలకాలి. పై స్థాయి, మధ్య స్థాయి, కింది స్థాయి. ఎత్తు మారితే అర్థం మారిపోతుంది. "ఒకొ" అనే మాటలో రెండు అక్షరాలనూ మధ్య స్థాయిలో అంటే భర్త. రెండో అక్షరాన్ని పైకి లేపితే మట్టి తవ్వే పార. అదే అక్షరాన్ని కిందికి దించితే పడవ లేదా బండి.

తెలుగులో ఇలా జరగదు. "కల" అన్న మాటను ఏ ఎత్తులో పలికినా కలే. దాన్ని "కాల" చేయాలంటే అచ్చు సాగదీయాలి, "కళ" చేయాలంటే హల్లు మార్చాలి. మన భాషలో అర్థం అచ్చులూ హల్లులూ మోస్తాయి. యోరుబాలో ఆ మోతలో పెద్ద భాగం స్వరం ఎత్తుది. అంటే అచ్చులూ హల్లులూ తీసేసి, ఎత్తుపల్లాలను మాత్రం పలికించినా మాట నీడలా మిగిలే ఉంటుంది. డోలు చేసేది ఆ పనే.

ఆ డోలు పేరు డుండున్. మన డమరుకంలా నడుము సన్నగా, రెండు వైపులా తోలు. ఒక తోలు నుంచి రెండో తోలుకు చుట్టూ వరసగా సన్నని తోలు తాళ్లు. డోలును చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో వంకీ కర్రతో కొడుతూ, మోచేతితో ఆ తాళ్లను నొక్కుతారు. నొక్కితే రెండు తోళ్లూ బిగిసి స్వరం పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. నొక్కుతూ కొడితే స్వరం జారుతుంది, మనిషి గొంతు జారినట్టే. మేళంలో అందరికంటే ముందు నడిచే డోలును "ఇయా ఇలు" అంటారు, అంటే డోళ్లలో తల్లి.

తోలుకు సహజమైన ఆ చిక్కు, 100కి 159, 214 అనే గజిబిజి, ఇక్కడ అడ్డమే కాదు. మాటకు కావాల్సింది షడ్జమమా పంచమమా అన్న కచ్చితం కాదు. ముందటి దెబ్బకంటే ఈ దెబ్బ పైనుందా, కింద ఉందా, అది తెలిస్తే చాలు. అంతమాత్రానికి ఉత్త తోలు సరిపోతుంది. కరణి పూసి శ్రుతి గట్టిగా కట్టేసి ఉంటే ఈ జారుడు వచ్చేది కాదు. డుండున్‌ను మృదంగం పక్కన పెట్టి దీనికి శ్రుతి లేదు కదా అనడం, మాట్లాడే మనిషిని నువ్వు పాడటం లేదు కదా అని తప్పుపట్టడమే.

ఈ దారికి దీని కష్టం దీనికి ఉంది. ఒకే ఎత్తుపల్లాలున్న మాటలు భాషలో బోలెడు ఉంటాయి, మరి డోలు ఏ మాట అంటోందని వినేవాడు ఎలా పోల్చుకోవాలి? దీనికి జవాబును కాంగోలో దశాబ్దాల పాటు ఉండి, డోలు మాట నేర్చుకుని మరీ వివరించినవాడు జాన్ కారింగ్టన్ అనే ఇంగ్లీషు మిషనరీ. ఆయన 1949లో దీని మీద పుస్తకం తెచ్చాడు. అక్కడి కెలె భాషలో ఎత్తులు రెండే. వాళ్ల డోలుకు తోలే ఉండదు. మాను దుంగను సన్నని చీలిక గుండా తొలిచి, చీలిక రెండు పెదాలనూ వేరువేరు మందాల్లో ఉంచితే రెండు స్వరాలు వస్తాయి. కెలెలో చందమామ "సొంగె", కోడి "కొకొ". రెండు మాటల్లోనూ రెండు అక్షరాలూ పై ఎత్తువే, డోలు మీద రెండూ ఒకేలా మోగుతాయి. అందుకని డోలు చందమామను ఉత్త చందమామ అని ఊరుకోదు, "భూమి వైపు వంగి చూసే చందమామ" అంటుంది. కోడిని "కియో కియో అనే చిన్న కోడి" అంటుంది. పొడుగు వాక్యానికి ఎత్తుపల్లాల వరస కూడా పొడుగే కాబట్టి ఒకటి ఇంకోదానిలా ఉండదు. ఒక మాటకు పది మాటలు చెప్పడం వాగుడు కాదు, అడవి దాటి మైళ్ల దూరం వెళ్లే కబురు దారిలో చెడిపోకుండా కట్టిన కట్టు. ఫోన్లో పేరు చెప్పేటప్పుడు "రాముడు రా, సీత సీ" అని మనం విడమరిచి చెప్పుకునేదీ ఈ అవసరం కోసమే.

మన తకధిమి, తకజొణు మాటలే కదా అనిపించవచ్చు. అక్కడ దారి తిరగబడి ఉంది. యోరుబా డోలు మనిషి భాషను తీసుకుంటుంది. మన మృదంగం తన భాషను మనిషి నోటికి ఇస్తుంది. తకధిమికి అర్థం లేదు, అది ఏ వేలు ఎక్కడ పడాలో చెప్పే అక్షరం. నోటితో జతి చెప్పేవాళ్లు చేసేది తోలును అనుకరించడం.

మాట్లాడే వాద్యమంటే పాలకులకు భయం పుట్టడంలో వింత లేదు. అమెరికాలోని దక్షిణ కరోలినాలో 1739లో స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడినప్పుడు డోళ్లు వాయిస్తూ నడిచారు. మరుసటి ఏడాది, 1740లో, వచ్చిన చట్టం బానిసలు డోళ్లూ కొమ్ములూ వాడకూడదని, దగ్గర ఉంచుకోకూడదని నిషేధించింది.

తోలు లేకుండా చేసినప్పుడు

వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ దీవిలో కూడా ఇదే భయం. బానిసత్వం పోయాక ఆఫ్రికా సంతతివాళ్లు కార్నివాల్ పండుగ రోజుల్లో కాగడాలతో, డోళ్లతో వీధుల్లోకి వచ్చేవాళ్లు. 1881లో పోలీసులకూ వాళ్లకూ మధ్య పెద్ద ఘర్షణ జరిగింది. ఆ 1880ల్లోనే బ్రిటిష్ ప్రభుత్వం వీధుల్లో డోళ్ల మీద ఆంక్షలు పెట్టింది. తోలు దొరక్క కాదు, వాయించనివ్వక పోయింది.

చేతులు ఊరుకోలేదు. వెదురు బొంగులను వేరువేరు పొడవుల్లో నరికి నేలకేసి కొట్టడం మొదలైంది. దాన్ని తంబూ బాంబూ అన్నారు. తర్వాత బిస్కెట్ డబ్బాలు, పెయింటు డబ్బాలు, బండి చక్రాల డ్రమ్ములు. 1930లు, 40ల్లో ఆ దీవి రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ పేదవాడల కుర్రాళ్లు గమనించిన సంగతి ఒకటి ఉంది. కొట్టీ కొట్టీ సొట్టపోయిన డబ్బాలో ఒక్కో సొట్ట ఒక్కో స్వరం పలుకుతుంది. ఆ దీవిలో చమురు తీస్తారు కాబట్టి 55 గ్యాలన్ల ఇనుప పీపాలకు కొదవ లేదు. పీపా అడుగును సుత్తితో లోపలికి గిన్నెలా దించి, దాని మీద స్వరాల గళ్లు గీసి, కాల్చి, మళ్లీ వెనక నుంచీ ముందు నుంచీ సుత్తితో సరిచేస్తే అదే స్టీల్ పాన్. ఎలీ మానెట్, విన్‌స్టన్ సైమన్, ఆంథనీ విలియమ్స్ లాంటివాళ్లు దాన్ని తీర్చిదిద్దారు.

కరణి రుద్దే చెయ్యి, పాన్ కొట్టే సుత్తి ఇక్కడ ఒకే చోటికి వస్తాయి. ఉత్త రేకు కూడా తోలులాగే పొందిక లేని కంపనాలు ఇస్తుంది. పాన్ ట్యూనర్ ఒక గడిని సరిచేసేటప్పుడు దాని మొదటి కంపనంతో ఆగడు. రెండో కంపనం కచ్చితంగా దానికి రెట్టింపు అయ్యేదాకా, గడి అంచుల్లో అక్కడొకటి ఇక్కడొకటి చిన్న చిన్న దెబ్బలు వేస్తూ పోతాడు. అప్పుడుగానీ ఆ ఇనుము గంటలా పాడదు. ప్రయోగశాల లేకుండా, చెవినే నమ్ముకుని, ఒకరికొకరు ఏ సంబంధం లేని రెండు చోట్ల మనుషులు ఒకే జవాబుకు చేరుకున్నారు. 1951లో ఆ దీవి నుంచి టాస్పో అనే బృందం లండన్ వెళ్లి ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్‌లో పాన్‌లు వాయించింది. 1992లో ట్రినిడాడ్ దాన్ని జాతీయ వాద్యంగా ప్రకటించుకుంది. 2023లో ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11ను ప్రపంచ స్టీల్ పాన్ దినంగా గుర్తించింది.

శ్రుతి కలవడమే గొప్ప అన్న నమ్మకాన్ని నిలదీయడానికి బాలి దీవి చాలు. అక్కడి గామెలాన్ మేళంలో కంచు వాద్యాలు జతలు జతలుగా ఉంటాయి. జతలో ఒకదాన్ని ఇంకోదానికంటే కాస్త పైన కావాలనే శ్రుతి చేస్తారు. ఒకటి సెకనుకు 300 సార్లు, రెండోది 307 సార్లు కంపిస్తే, రెండూ కలిసి మోగినప్పుడు సెకనుకు ఏడుసార్లు శబ్దం పెరిగి తగ్గి వణుకుతుంది. ఆ వణుకును వాళ్లు "ఒంబాక్" అంటారు, అంటే అల. అల లేని కంచు వాళ్ల చెవికి ప్రాణం లేనిది. మన తంబురా శ్రుతి చేసేవాళ్లు చెమటోడ్చి పోగొట్టే వణుకును అక్కడివాళ్లు చెమటోడ్చి తెచ్చుకుంటారు.

మంట దగ్గర డప్పు

ఇన్ని చూశాక డప్పు దగ్గరికి వస్తే అది వేరేగా కనిపిస్తుంది. సన్నని కొయ్య చట్రం, ఒకవైపు మేక తోలు, వెనక అంతా ఖాళీ. కుడిచేతిలో పొట్టి చిర్ర, ఎడమచేతిలో సన్నని పొడుగు సిటికెన పుల్ల. కరణి లేదు, గాలిని పట్టి ఉంచే బాన లేదు. వెనక మూయలేదు కాబట్టి తోలు ముందు గాలిని తోసినప్పుడు వెనక గాలి లోపలికి లాగుతుంది. లోతైన శబ్దాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి, పైనున్న పదునైన శబ్దాలు మిగులుతాయి. అందుకే డప్పు గుమ్మనదు, ఖంగుమంటుంది. ఊరి ఈ చివర చాటింపు వేస్తే ఆ చివరకు వినపడాల్సిన వాద్యానికి కావాల్సింది ఆ ఖంగే. తేలిగ్గా ఉంటుంది కాబట్టి మెడకు వేసుకుని ఎగురుతూ, కూర్చుంటూ, గుండ్రంగా తిరుగుతూ వాయించవచ్చు. పెళ్లికి ఒక దెబ్బ, చావుకు ఒక దెబ్బ, జాతరకు మరో దెబ్బ. దరువు వినగానే వీధిలో ఏం జరుగుతోందో ఇంట్లో ఉన్నవాళ్లకు తెలిసిపోతుంది. కబురు మోసేది ఇక్కడ స్వరం కాదు, దరువు. మృదంగం దగ్గర తోలు పని ఒకరిదీ, వేదిక మరొకరిదీ. డప్పు దగ్గర తోలు పని చేసిన మాదిగల చేతులే దరువు వేసే చేతులు కూడా. అయినా, బహుశా అందుకే, దాన్ని సంగీతం అని ఒప్పుకోవడానికి చదువుకున్నవాళ్లకు ఇంత కాలం పట్టింది.

డప్పును శ్రుతి చేసేది నిప్పు. తోలు గాలిలోని తేమను పీల్చుకుని సడలిపోతుంది. మంట దగ్గర పట్టుకుంటే తేమ ఆవిరై, తోలు ముడుచుకుని బిగుస్తుంది. కర్ణాటక కచేరీల్లో ఒక చేత్తో పట్టుకుని వాయించే చిన్న వాద్యం ఖంజీర దీనికి సరిగ్గా ఎదురు. దానికి కట్టే ఉడుము తోలు సహజంగా మరీ బిగుతుగా ఉంటుంది కాబట్టి, వాయించే ముందు లోపలివైపు నాలుగు చుక్కలు నీళ్లు రాసి స్వరం దించుతారు. ఉడుము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత ప్రాణి, అందుకే ఇప్పుడు మేక తోలూ, కృత్రిమ పొరలూ దాని చోటికి వచ్చాయి.

నిప్పుతో శ్రుతి చేయడం సముద్రాలు దాటిన విద్య. చెరకు తోటలకు వలస పోయిన భారతీయ కూలీలతో ట్రినిడాడ్ చేరిన తాషా డోలును అక్కడి పెళ్లిళ్లలో, హొసే అనే మొహర్రం ఊరేగింపుల్లో ఇప్పటికీ మంట దగ్గర కాచి వాయిస్తారు. తాషా అన్న మాట హైదరాబాద్ బరాత్‌లు చూసినవాళ్లకు కొత్త కాదు. తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్న మారిషస్‌లో ఆఫ్రికా సంతతివాళ్ల వాద్యం రవాన్ ఉంది. వెడల్పాటి చట్రానికి మేక తోలు, చూడటానికి డప్పుకు దగ్గర చుట్టం. దాన్నీ మంట దగ్గర కాచే వాయిస్తారు. అది లేకుండా అక్కడి సంప్రదాయ పాట సెగా ఉండదు. 2014లో యునెస్కో ఆ సెగాను మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది.

ఇప్పుడు తెలుగు ఊళ్లలో ఫైబర్ డప్పులు వచ్చేశాయి. ఇనుప చట్రం, బోల్టులు, ప్లాస్టిక్ పొర. వాన పడినా సడలవు, మంట అక్కర్లేదు, తోలు కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. వాయించి బతికేవాళ్లకు అది పెద్ద సుఖం, దాన్ని తప్పుపట్టే హక్కు వినేవాళ్లకు లేదు. శబ్దం మాత్రం ఒకటి కాదు. ప్లాస్టిక్ పొర అంతటా ఒకే మందం, ప్రతి డప్పూ పక్క డప్పులాగే మోగుతుంది. తోలు ఒక చోట మందం, ఒక చోట పల్చన. వీపు భాగం తోలు ఒకలా, పొట్ట భాగం తోలు ఒకలా పలుకుతుంది. పాత డప్పు పట్టినవాళ్లకు ఏ చోట చిర్ర పడితే ఏం పలుకుతుందో చేతికి తెలుసు.

ఆషాఢంలో బోనాల ఊరేగింపు నడుస్తుండగా జల్లు పడితే తోలు డప్పు రెండు వీధులు తిరిగేసరికి మెత్తబడుతుంది. అప్పుడు పక్కన చూరు కింద చేరి, ఎండుగడ్డో పాత కాగితాలో అంటిస్తారు. డప్పును మంటకు మరీ దగ్గరగా కాదు, జానెడు దూరంలో, అంచు నుంచి అంచుకు తిప్పుతూ పట్టుకుంటారు. నడుమ వేలితో ఒకసారి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటారు. ఇంకా కాలేదని మళ్లీ తిప్పి పట్టుకుంటారు.